పొడవు ఒక్కటే కొలిచి: క్లామిడోమోనాస్ కశాభాల ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

మా డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. ఉన్నవల్లా చమురు కటకం ఉన్న కాంపౌండు మైక్రోస్కోపులు, ఒక పీహెచ్ మీటరు, ఒక ఆటోక్లేవు, మూలగదిలో ట్యూబులైట్లు బిగించిన అర. క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం ఈదడానికి వాడే కొరడాల్లాంటి కశాభాల మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చిన చివరి సంవత్సరం విద్యార్థులు ముందుగా అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది. "సార్, ఇంటర్‌లో గీసిన 9+2 బొమ్మ మన మైక్రోస్కోపులో కనిపిస్తుందా?" కనిపించదు. కశాభాన్ని అడ్డంగా కోస్తే చుట్టూ తొమ్మిది జంటలుగా, మధ్యలో రెండు విడిగా సూక్ష్మనాళికలు, అంటే ట్యూబులిన్ ప్రోటీనుతో కట్టిన సన్నటి గొట్టాలు, ఉంటాయని చెప్పే బొమ్మ అది; ఆ గొట్టాలు మా కటకాలకు అందవు. అందుకే ప్రాజెక్టు లక్ష్యాన్ని ఇలా నిర్ణయించుకున్నాం: సూక్ష్మనాళికలు కంటికి ఆనకపోయినా, మనం నమ్మకంగా కొలవగలిగిన ఒకే ఒక్క అంశమైన పొడవును పట్టుకుని, కశాభం లోపలి కట్టడం గురించి ఎంతవరకు చెప్పగలమో చూడాలి.

ఎంచుకున్న జీవి క్లామిడోమోనాస్ రైన్‌హార్టియై. ప్రపంచంలోని ప్రయోగశాలల్లో నేడు వాడుతున్న ప్రామాణిక రకాల్లో చాలా భాగం 1945లో గిల్బర్ట్ స్మిత్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్హర్స్ట్ దగ్గరి మట్టి నుంచి వేరుచేసిన ఒకే ఒక్క మూలం నుంచి వచ్చినవే. ఒక పరిశోధన సంస్థలో పనిచేసే మిత్రురాలు అదే వంశానికి చెందిన రకాన్ని అగార్ గొట్టంలో ఇచ్చింది. మాకు వచ్చిన రకం విషయంలో ఒక చిక్కు ఉంది. నైట్రేటును వాడుకోవడానికి కావలసిన రెండు జన్యువులు ఇందులో దెబ్బతిని ఉన్నాయి కాబట్టి, శైవలాల పెంపకానికి కళాశాలల్లో మామూలుగా కలిపే నైట్రేటు మాధ్యమాల్లో ఇది పెరగదు. నత్రజని అమ్మోనియం రూపంలో ఇవ్వాలి. అందువల్ల ట్రిస్, అసిటేటు, ఫాస్ఫేటు కలిసిన ట్యాప్ మాధ్యమాన్నే తయారు చేశాం. ఇందులో నత్రజని అమ్మోనియం క్లోరైడు నుంచి అందుతుంది, అసిటేటు ఉండడం వల్ల వెలుతురు తక్కువైనా కణాలకు ఆహారం లోపించదు.

అగార్ మీద పెరిగిన పచ్చటి పొరను సూదితో తీసి నేరుగా గాజుపలక మీద చూస్తే చాలా కణాలకు కశాభాలే ఉండవు. గట్టి ఉపరితలం మీద, తల్లికణపు గోడలోనే ముద్దగా ఉండిపోయిన కణాలకు ఈదే అవసరం ఉండదు. అదే పొరను ద్రవ మాధ్యమంలో కలిపి వెలుతురులో ఉంచితే కొన్ని గంటల్లో కశాభాలు మొలుస్తాయి. సాయంత్రం కలిపి పెట్టిన ఫ్లాస్కును మర్నాడు ఉదయం చూస్తే, వెలుతురు పడుతున్న వైపు గాజు గోడ వెంబడి పచ్చటి పట్టీ కనిపించింది. ఈదగలిగిన కణాలు వెలుతురు వైపు చేరాయనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

జూలై మొదటి వారం

ఈ వారమంతా కొలతకు సంబంధించిన పనే. నేత్రకటకంలో గీతలున్న చిన్న గాజు బిళ్లను పెట్టి, దాని గీతల విలువను స్టేజి మైక్రోమీటరుతో సరిచూశాం. స్టేజి మైక్రోమీటరులో పక్కపక్క గీతల మధ్య దూరం 10 మైక్రోమీటర్లు, ఒక క్లామిడోమోనాస్ కణపు పొడవు కూడా ఇంచుమించు అంతే కాబట్టి పిల్లలకు పరిమాణం వెంటనే అర్థమైంది. ఫోనును నేత్రకటకానికి బిగించే పట్టీ ఒకటి తెప్పించాం, ఫొటోలను ఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రాములో తెరిచి కశాభం వంపు వెంబడి గీత గీసి పొడవు తీస్తున్నాం.

బతికున్న కణంలో కశాభాన్ని కొలవడం సాధ్యం కాదు, ఎందుకంటే అది సెకనుకు 50 నుంచి 60 సార్లు కొట్టుకుంటుంది. ఫోనులో సెకనుకు 240 చిత్రాల చొప్పున తీసినా ఒక్కో కొట్టుడుకు నాలుగైదు చిత్రాలకు మించి దొరకవు. అయినా ఆ నాలుగైదింటిలోనే రెండు కశాభాలూ ముందుకు చాచి, పక్కలకు వెనక్కి లాగి, ఒంటికి దగ్గరగా వంచుకుంటూ మళ్లీ ముందుకు తెచ్చుకోవడం కనిపించింది. కొలత కోసం మాత్రం కణాలను లూగాల్ అయోడిన్‌తో స్థిరపరుస్తున్నాం. చుక్క అయోడిన్ పడగానే కణాలు ఆగిపోతాయి. హరితరేణువులోని పైరినాయిడు చుట్టూ ఉన్న పిండిపదార్థం నల్లగా తేలుతుంది, కణం గోధుమరంగుకు తిరుగుతుంది, ముందుభాగం నుంచి రెండు లేత గోధుమ తీగలు బయటికి వస్తాయి. కండెన్సరు కింది ఐరిస్‌ను బాగా మూసి, కండెన్సరును కొంచెం దించితేనే ఆ తీగలు స్పష్టమవుతాయి. ఐరిస్ పూర్తిగా తెరిచి చూసినవాళ్లు "ఈ కణాలకు కశాభాలు లేవు" అని రాసుకున్నారు. మూసి చూపించాక ఆ పేజీని కొట్టేశారు.

ఇక్కడ ఒక భేదాన్ని నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించాను. కశాభం మందం సుమారు పావు మైక్రోమీటరు, మా చమురు కటకపు విభేదన శక్తి హద్దు కూడా దాదాపు అంతే. కాబట్టి తెర మీద కనిపించే మందం కశాభానిది కాదు, కటకం కల్పించినది. దాన్ని కొలిచి లాభం లేదు. పొడవు అలా కాదు. 10, 12 మైక్రోమీటర్ల పొడవులో రెండు చివర్లలోనూ పావు మైక్రోమీటరు అటూ ఇటూ అయినా లెక్క పాడవదు. లోపలి సూక్ష్మనాళిక మందం 25 నానోమీటర్లు, అంటే హద్దులో పదో వంతు. దాన్ని మేము చూడలేం, కానీ కశాభం ఎంత పొడవుంటే లోపలి నాళికలు కూడా ఇంచుమించు అంతే పొడవుంటాయి గనుక, మేము గీసే ప్రతి గీతా వాటి పొడవుకు కొలతే.

మొదటి కొలతల్లో కశాభాల సగటు పొడవు 11 మైక్రోమీటర్ల దగ్గర తేలింది. ఒకే కణంలోని రెండు కశాభాల మధ్య తేడా దాదాపు లేదు, కణానికీ కణానికీ మధ్య మాత్రం బాగానే ఉంది.

జూలై మూడో వారం

వర్షాలకు రెండు రోజులు కరెంటు సరిగా లేక ఫ్లాస్కుల పని వెనకబడింది. ఆ వ్యవధిలో నమూనా కట్టడం మొదలుపెట్టాం. కొలమానం ఒక నానోమీటరుకు ఒక మిల్లీమీటరు. దీనికి కారణం పూర్తిగా బజారుకు సంబంధించినది: ఇంటి వైరింగుకు వాడే 25 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, సూక్ష్మనాళిక మందం సరిగ్గా 25 నానోమీటర్లు. ఈ లెక్కన కశాభపు లోపలి కట్టడమైన ఆక్సోనీమ్ మందం 20 సెంటీమీటర్లు అవుతుంది. పొడవు మాత్రం 11 మీటర్లు, అంటే మా ప్రయోగశాల గది చాలదు, వరండా కావాలి. కాబట్టి 30 సెంటీమీటర్ల ముక్క ఒక్కటే కడుతున్నాం.

ప్లైవుడ్ బిళ్ల మీద 40 డిగ్రీలకొకటి చొప్పున 9 గుర్తులు పెట్టి జంటనాళికలను నిలబెట్టడం తేలికైన భాగం. జంటలో రెండు గొట్టాలూ ఒకేలాంటివి కావన్న సంగతి రంపం పట్టుకున్నాక గాని పిల్లలకు పట్టలేదు. ఎ-నాళిక పూర్తి గొట్టం, దాని గోడలో 13 ప్రోటోఫిలమెంట్లు, అంటే ట్యూబులిన్ అణువులు వరసగా చేరిన దారాలు, నిలువుగా ఉంటాయి. బి-నాళికకు సొంతంగా ఉన్నవి 10 మాత్రమే, మిగిలిన పక్కన ఎ-నాళిక గోడనే తన గోడగా వాడుకుంటుంది. అందువల్ల బి-నాళిక కోసం గొట్టాన్ని నిలువునా హాక్సా బ్లేడుతో కోసి, ఒక పట్టీ తీసేసి, మిగిలినదాన్ని వేడినీళ్లలో ఉంచి కొంచెం విప్పి, ఎ-నాళికకు ఎంసీల్‌తో అతికించాల్సి వచ్చింది. మధ్యలోని రెండు నాళికలు మాత్రం దేనికది పూర్తి గొట్టమే, ఒక్కోదానిలో 13 ప్రోటోఫిలమెంట్లు. పుస్తకంలో ఇవన్నీ ఒకే సైజు సున్నాలుగా గీసి ఉంటాయి కాబట్టి ఈ భేదం పరీక్ష రాసేవాళ్ల దాకా చేరదు.

ఎ-నాళిక నుంచి పక్క జంట వైపు చాచిన, డైనీన్ అనే చోదక ప్రోటీనుతో అయిన బాహువులను అతికించేటప్పుడు దిశ ముఖ్యం. కశాభపు మొదలు నుంచి కొన వైపు చూస్తే అవి గడియారపు ముల్లు తిరిగే దిశలోనే చూస్తుంటాయి. బయటి బాహువులు 24 నానోమీటర్లకొకటి, కాబట్టి మా నమూనాలో 24 మిల్లీమీటర్లకొకటి. లోపలి బాహువుల అమరిక మరింత చిక్కైనది, 96 నానోమీటర్ల పొడవులో ఏడు రకాలు వరసగా వచ్చి, మళ్లీ అదే వరస మొదలవుతుంది. ఆ ఏడింటిలో ఒకదానికి మాత్రమే రెండు తలలు, మిగిలినవి ఒంటితలవి. అదే 96 నానోమీటర్ల పరిధిలో క్లామిడోమోనాస్‌కు జంటల నుంచి మధ్యనాళికల వైపు చాచిన రెండు పూర్తి అడ్డుకమ్ములు, ఒక మొండి కమ్మి ఉంటాయి. వీటికి పాత సైకిల్ చువ్వలను 4 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి వాడాం. క్లామిడోమోనాస్‌లో ఒకటో నంబరు జంటకు బయటి బాహువు ఉండదు కాబట్టి, నమూనాలో ఆ చోటును ఖాళీగా వదిలి ఎర్ర రంగు వేశాం. ఆ ఎర్ర గుర్తు లేకపోతే ఏ జంటకు ఏ అంకె వేయాలో చెప్పడానికి వేరే ఆధారమే ఉండదు.

9+2 అమరికను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పష్టంగా చూపించినవాళ్లలో వృక్షశాస్త్రజ్ఞులు ముందున్నారు. ఐరీన్ మాంటన్, బి. క్లార్క్ 1952లో స్ఫాగ్నమ్ నాచు మగబీజకణాల కశాభాల్లో దాన్ని వర్ణించారు. జంతుకణాల శైలికల మీద ఫాసెట్, పోర్టర్ల పని 1954లో వచ్చింది. మా విభాగంవాళ్లకు ఈ వరస గుర్తుంటే మంచిదని నా అభిప్రాయం.

నమూనా పూర్తయ్యాక దాని మీద చేసిన పాఠం ఒకటి నాకు తృప్తినిచ్చింది. మధ్య గొట్టాలు రెండూ ఊడదీస్తే పీఎఫ్18 అనే ఉత్పరివర్తనం, చువ్వలన్నీ తీసేస్తే పీఎఫ్14. రెండింటిలోనూ కశాభం పూర్తిగానో దాదాపు పూర్తిగానో పెరుగుతుంది, కానీ చచ్చుబడి ఉంటుంది. అంటే డైనీన్లు ఉన్నంత మాత్రాన ఈత రాదు, ఏ క్షణంలో ఏ పక్కవి పనిచేయాలో మధ్యనాళికలూ అడ్డుకమ్ములూ నియంత్రించాలి. డైనీన్ చేసేది పక్క జంటను కొన వైపు తోయడమే. సముద్రపు అర్చిన్ వీర్యకణాల ఆక్సోనీములను ట్రిప్సిన్‌తో కొంచెంగా జీర్ణం చేసి, జంటల మధ్య లంకెలు తెంపి, కణపు శక్తి అణువైన ఏటీపీ ఇస్తే, జంటలు వంగడం మానేసి ఒకదాని మీదుగా ఒకటి జారిపోయి పొడవుగా విడిపోవడాన్ని 1971లో సమ్మర్స్, గిబ్బన్స్ చూపించారు. లంకెలు తెగని కశాభంలో ఆ జారుడే వంపుగా మారుతుంది.

ఆగస్టు మొదటి వారం

అసలు ప్రయోగం మొదలైంది. కశాభాలను ఊడగొట్టి, అవి మళ్లీ పెరగడాన్ని కొలవడం.

పద్ధతి చిన్నది. చిన్న బీకరులో కణాల ద్రవాన్ని అయస్కాంతపు కలిపెనతో తిప్పుతూ, పీహెచ్ మీటరు కడ్డీ అందులోనే ఉంచి, 0.5 నార్మల్ అసిటిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా పోస్తూ పీహెచ్ 4.5కు దించాలి. అర నిమిషం ఆగి, 0.5 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడుతో దాన్ని మళ్లీ 7 దగ్గరికి తేవాలి. అసిటిక్ ఆమ్లాన్నే ఎంచుకోవడానికి కారణం అది బలహీన ఆమ్లం కావడం. విడిపోని అణువు రూపంలో త్వచాన్ని దాటి లోపలికి పోగలదు, కణద్రవ్యాన్ని ఆమ్లీకరిస్తుంది, దాంతో బయటి కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం అందగానే కణం తన కశాభాన్ని తానే తెంచుకుంటుంది. తెగేది ఎక్కడ పడితే అక్కడ కాదు. కశాభం, దాని పునాది అయిన ఆధారకణిక కలిసే మధ్యభాగానికి సరిగ్గా పైన, తొమ్మిది జంటలూ ఒకేచోట తెగుతాయి. ఆధారకణిక కణంలోనే భద్రంగా ఉంటుంది, తెగిన చోట త్వచం మూసుకుంటుంది, కణం బతికే ఉంటుంది.

కాల్షియం పాత్రను పరీక్షించడానికి ఒక భాగం కణాలను కాల్షియం లేని ద్రావణంలో కడిగి, మిగిలిన కాస్తను కూడా పట్టేసేందుకు ఈజీటీఏ కలిపి, అదే ఆమ్లాన్ని అదే పీహెచ్ దాకా పోశాం. ఆ గొట్టంలోని కణాల్లో ఎక్కువ భాగం కశాభాలతోనే మిగిలాయి, మామూలు మాధ్యమంలోని కణాలు పదింట తొమ్మిదికి పైగా బోడివైపోయాయి. రెండు గాజుపలకలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, తెగడం అనేది ఆమ్లం చేసిన గాయం కాదనీ, కణం లోపలి ఏర్పాటనీ పిల్లలకు వేరే వివరించే పని పడలేదు. బోడి కణాల పలకలో తెగిపడిన కశాభాలు కూడా విడిగా పడి ఉన్నాయి.

ఆగస్టు రెండో వారం

పునరుత్పత్తి కొలతలు. పీహెచ్ సరిచేసిన క్షణాన్ని సున్నాగా తీసుకుని, పది నిమిషాలకొకసారి కొద్ది ద్రవాన్ని లూగాల్ చుక్క ఉన్న ఎపెండార్ఫ్ గొట్టంలోకి తీసి, అన్నీ అయ్యాక తీరిగ్గా ఫొటోలు తీసి కొలిచాం. ఫ్లాస్కు ట్యూబులైటు కిందే ఉంది, మెల్లగా కుదుపుతూ ఉన్నాం.

మొదటి పది నిమిషాల గొట్టంలో ముందుభాగాన రెండు మొండి మొలకలు మాత్రమే. వాటిని నమ్మకంగా కొలవడం కష్టం, ఎందుకంటే కణం గోడకూ మొలకకూ మధ్య హద్దు తేలదు. అరగంట గొట్టంలో పొడవు పూర్తి కొలతలో సగం దగ్గరికి వచ్చింది, అప్పటికే కొన్ని కణాలు తడబడుతూ ఈదడం మొదలుపెట్టాయి. ఆ తరువాత వేగం తగ్గింది. రెండో సగానికి మొదటి సగం కన్నా దాదాపు రెట్టింపు సమయం పట్టింది, గంటన్నర దాటాక గీత దాదాపు అడ్డంగా సాగింది.

ఈ గీతకు నమూనాలోని లెక్కను జోడించాక ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీ తయారైంది. తొమ్మిది జంటల్లో ఒక్కోదానికి 23 ప్రోటోఫిలమెంట్లు, మధ్యనాళికలకు 26, మొత్తం 233. ప్రోటోఫిలమెంటులోని ఒక్కో ఇటుక, అంటే ట్యూబులిన్ జంటఅణువు, పొడవు 8 నానోమీటర్లు. 11 మైక్రోమీటర్ల ప్రోటోఫిలమెంటులో 1,375 జంటఅణువులు. కొన దగ్గర బి-నాళికలు ముందే ఆగిపోతాయన్న సవరణను పక్కన పెడితే, ఒక కశాభానికి సుమారు 3 లక్షల 20 వేలు. మొదటి అరగంటలో సగం పొడవు కట్టిందంటే, ఒక్కో కశాభంలో సెకనుకు 90 చొప్పున జంటఅణువులు తమ తమ చోట్ల కుదురుకున్నట్టు లెక్క. ఒక కణానికి రెండు కశాభాలు. ఫోను ఫొటో, ఒక గీత, ఒక గుణకారం, వీటితో కనిపించని అణువుల రేటు దాకా వెళ్లగలిగాం.

ఈ ట్యూబులిన్ ఎక్కడ చేరుతుంది? మొదట్లో కాదు, కొనలో. కణద్రవ్యంలో తయారైన ప్రతి ముక్కా కశాభపు పొడవంతా ప్రయాణించి కొనకు చేరాలి. ఈ రవాణాను 1993లో కోజ్మిన్‌స్కీ, జాన్సన్, ఫోర్షర్, రోజెన్‌బామ్ క్లామిడోమోనాస్‌లోనే, కశాభాలు ఆడని రకాల్లో, త్వచం కింద నిరంతరం అటూ ఇటూ పోతున్న రేణువులుగా చూశారు. కొన వైపు పోయేవి సెకనుకు సుమారు 2 మైక్రోమీటర్ల వేగంతో కైనెసిన్-2 అనే చోదక ప్రోటీను మీద, తిరిగి వచ్చేవి సుమారు 3.5 మైక్రోమీటర్ల వేగంతో మరో రకపు డైనీన్ మీద నడుస్తాయి. మా కణానికి వేస్తే పైకి ఐదున్నర సెకన్లు, కిందికి మూడు సెకన్లు. పైకి పోయేవి బి-నాళిక మీదా, తిరిగి వచ్చేవి ఎ-నాళిక మీదా నడుస్తాయని 2016లో స్టెపానెక్, పిజీనో చూపించారు. పిల్లలు కోసి అతికించిన ఆ సగం గొట్టానికి ఇలా ఒక పని దొరికింది.

వేగం ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు మార్షల్, రోజెన్‌బామ్ 2001లో ఇచ్చిన వివరణను బోర్డు మీద వేశాను. కొనలో ట్యూబులిన్ ఊడిపోవడం పొడవుతో సంబంధం లేకుండా ఒకే రేటులో నిత్యం జరుగుతూనే ఉంటుంది. చేరడం మాత్రం పొడవు పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే రవాణా చేసే సామగ్రి మొత్తం దాదాపు స్థిరం. గోడ ఒక వరస ఉన్నప్పుడూ రెండో అంతస్తు దాటినప్పుడూ ఇటుకలు అందించే కూలీల సంఖ్య ఒకటే అయితే, పైనున్న మేస్త్రీ చేతికి గంటకు అందే ఇటుకలు తగ్గిపోతాయి కదా, ఇదీ అంతే. రెండు రేట్లు సమానమైన చోట పొడవు నిలుస్తుంది. కణంలో పొడవు కొలిచే స్కేలు ఏదీ లేకపోయినా 11 మైక్రోమీటర్ల దగ్గర ఆగడానికి ఈ లెక్క చాలు. కానీ ఇదొక్కటే సరిపోతుందని నేను అనుకోను. పొడవు నియంత్రణకు చెందిన ఎల్‌ఎఫ్ ఉత్పరివర్తనాల్లో కశాభాలు రెట్టింపు దాకా పెరుగుతాయి, వాటిలో ఎల్‌ఎఫ్4 జన్యువు ఒక కైనేజును, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించి వాటి పనిని మార్చే ఎంజైమును, తయారుచేస్తుంది. అంటే రవాణాను పొడవుతో ముడిపెట్టే సంకేతవ్యవస్థ కూడా కణానికి ఉంది. పాఠంలో మొదటిది సులువు కాబట్టి రెండోదాన్ని దాచకూడదు.

ఆగస్టు చివరి వారం

సైక్లోహెక్సిమైడ్ ప్రయోగం. ఇది ప్రోటీన్ తయారీని ఆపే విషపదార్థం, శిలీంధ్రాల పనికి విభాగంలో ముందే ఉంది. తొడుగులు వేసుకుని, తూకం నేనే వేశాను. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున కలిపి, కశాభాలు ఊడగొట్టి, మళ్లీ అదే పది నిమిషాల వరస.

మొదటి గొట్టాల్లో రెండు ఫ్లాస్కులకూ తేడా లేదు. పాతిక, ముప్పై నిమిషాల దగ్గర విడిపోయాయి. మందు కలిపిన ఫ్లాస్కులో కశాభాలు ఇంచుమించు సగం పొడవు దగ్గర నిలిచిపోయి, రెండు గంటల దాకా అక్కడే ఉన్నాయి. రోజెన్‌బామ్, మౌల్డర్, రింగో 1969లో ప్రచురించిన ఫలితమే ఇది. కణద్రవ్యంలో తయారుగా ఉన్న నిల్వ రెండు సగం కశాభాలకు సరిపోతుంది, మిగతా సగానికి కొత్తగా తయారు చేసుకోవాలి. మా లెక్కలోకి దించితే, ఏ అవసరమూ లేని సమయంలో కూడా కణం దగ్గర 3 లక్షల 20 వేల ట్యూబులిన్ జంటలు సిద్ధంగా ఉన్నాయన్నమాట. ఆగింది ట్యూబులిన్ అయిపోయినందువల్లేనా అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న సరైనది. ఆక్సోనీమ్‌లో వందలాది ప్రోటీన్లున్నాయి, వాటిలో ఏది ముందు తరిగిపోయినా గీత అక్కడే ఆగుతుంది. పొడవు ఒక్కటే కొలిచి ఆ పేరు చెప్పలేం. రిపోర్టులో "కట్టడపు భాగాల నిల్వ" అనే రాయించాను.

సూక్ష్మనాళికలు కట్టకుండా ఆపే కాల్చిసిన్ మందుతో కూడా చేద్దామన్న ప్రతిపాదనను పక్కన పెట్టాం. మొక్కల, శైవలాల ట్యూబులిన్ కాల్చిసిన్‌ను గట్టిగా పట్టుకోదు, కాబట్టి జంతుకణాలకు చాలే మోతాదుకు ఎన్నో రెట్లు వాడాలి, అంత విషాన్ని పిల్లల చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అది పనిచేసినా కట్టేసి ఉన్న కశాభాన్ని కరిగించదు, కొత్త పెరుగుదలను మాత్రమే ఆపుతుంది. కశాభంలోని నాళికలు కణద్రవ్యంలోని నాళికల కన్నా ఎంత గట్టివంటే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం కణాలను స్థిరపరచడానికి 1963లో గ్లూటరాల్డిహైడ్ వాడుకలోకి వచ్చేదాకా చల్లటి ఆస్మియం ద్రావణంలో మిగతావన్నీ కరిగిపోయేవి, కశాభాల్లోవి మాత్రం ఫొటోలో నిలిచేవి.

సెప్టెంబరు మొదటి వారం

అనుకోకుండా దొరికిన పరిశీలన. కవరుస్లిప్ వేసి కాసేపు కదపకుండా ఉంచిన పలకలో, కొన్ని కణాలు రెండు కశాభాలనూ గాజుకు ఆనించి, కొట్టుకోవడం పూర్తిగా మానేశాయి. కశాభాలు రెండూ ఒకే సరళరేఖలో ఎదురెదురు దిశల్లో చాచి ఉన్నాయి, మధ్యలో కణం. చూస్తుండగా ఆ కణం ఒక కశాభం చూపే దిశలో నెమ్మదిగా జారింది, ఆగింది, కొంతసేపటికి రెండో దిశలో జారింది. ఫోను వీడియోలో నేత్రకటకపు గీతలతో పోల్చి చూస్తే వేగం సెకనుకు ఒకటి, రెండు మైక్రోమీటర్ల మధ్య. ఈతలో ఇవే కణాలు సెకనుకు సుమారు 100 మైక్రోమీటర్లు పోతాయి.

ఈ జారుడుకు ఆక్సోనీమ్ బాహువుల్లోని డైనీన్‌తో సంబంధం లేదు. త్వచంలోని ప్రోటీన్లు గాజుకు అతుక్కుని ఉండగా, లోపల తిరుగు ప్రయాణంలో ఉన్న రవాణా డైనీన్ వాటిని పట్టుకుని లాగుతుంది. గాజు కదలదు కాబట్టి కణమే కదులుతుంది. 1993లో మంచి కటకాలతో చూడవలసి వచ్చిన లోపలి రవాణాను, మా పాత మైక్రోస్కోపులో, దాని ఫలితం రూపంలో, రన్నింగ్ కామెంటరీతో సహా తరగతి మొత్తం చూసింది. ప్రాజెక్టు ప్రణాళికలో ఇది లేదు. రిపోర్టులో విడిగా ఒక అధ్యాయం కేటాయించాం.

సెప్టెంబరు మూడో వారం

చివరి ప్రయోగానికి ఆమ్లం వాడలేదు. సన్నటి సూది ఉన్న సిరంజిలోంచి కణాలను గట్టిగా తోస్తే ఆ ఒరిపిడికి కొన్ని కణాల్లో ఒకే కశాభం తెగుతుంది. అలాంటివి తక్కువ, చాలా కణాలకు రెండూ ఉంటాయి లేదా రెండూ పోతాయి. కాబట్టి ప్రతి గొట్టం నుంచీ గాజుపలకలు ఎక్కువ వేసి, రెండు కశాభాల పొడవుల్లో స్పష్టమైన తేడా ఉన్న కణాలను మాత్రమే ఎంచి కొలిచాం. ఈ వడపోత వల్ల ఫలితం వైపు మొగ్గు వచ్చే ప్రమాదం ఉంది, అందుకే ఎంచే విద్యార్థికీ కొలిచే విద్యార్థికీ గొట్టం మీది సమయం తెలియకుండా అంకెలతో కప్పి ఇచ్చాం.

మొదటి గొట్టంలో ఈ కణాలకు ఒక పూర్తి కశాభం, ఒక బోడి మొదలు. ఇరవై నిమిషాల గొట్టంలో బోడి మొదలు నుంచి కొత్తది పెరుగుతోంది, అది ఊహించినదే. తెగని కశాభం మాత్రం 11 దగ్గర లేదు, 8కీ 9కీ మధ్య ఉంది. దానికి ఏ దెబ్బా తగలలేదు, ఆమ్లమూ తగలలేదు. ఒక పక్కది పెరుగుతుంటే రెండో పక్కది కురచవుతోంది. తరువాతి గొట్టాల్లో రెండూ సమానమయ్యాయి, ఆపై రెండూ కలిసి పొడవు పెరిగాయి. సమయానికి సంబంధించిన కవర్లు తీసి వరస పెట్టినప్పుడు గ్రాఫులో ఒక గీత దిగుతూ, ఒకటి ఎక్కుతూ వచ్చి కలిశాయి. 1969 నాటి పత్రంలో ఇదీ ఉంది.

దీనికి అర్థం తేలిగ్గానే చెప్పవచ్చు. పూర్తిగా ఎదిగిన, గట్టివని పేరున్న సూక్ష్మనాళికలు కూడా కొనలో నిరంతరం విడిపోతున్నాయి. మామూలు కణంలో అంతే వేగంతో చేరడం వల్ల ఆ విడిపోవడం కనిపించదు. నిల్వలో పంచుకోవడానికి రెండో గిరాకీ వచ్చేసరికి చేరే వాటా తగ్గి, విడిపోవడం బయటపడింది. విద్యార్థులు గీసిన 9+2 బొమ్మలోని ప్రతి సున్నా గోడలోనూ ఇదే జరుగుతోంది. మూలగదిలో పది రోజులుగా నిశ్చలంగా ఉన్న ఫ్లాస్కులో కూడా ఇదే జరుగుతోంది.

మిగిలిన పని కొద్దిగానే ఉంది. కురచవుతున్న కశాభపు రేటును గ్రాఫు మొదటి భాగం నుంచి విడిగా తీయాలి. దాన్ని పునరుత్పత్తి గీత చివరి భాగంతో పోల్చితే, విడిపోయే రేటు నిజంగా పొడవుతో సంబంధం లేనిదో కాదో మా సొంత కొలతలతోనే పరీక్షించవచ్చు. దానికి ఐదు నిమిషాలకొక గొట్టం తీయాలి, ఏకకశాభ కణాలు ఇప్పటికన్నా ఎక్కువ కావాలి, సిరంజి సూదుల్లో ఏ నంబరుది ఎక్కువ ఇస్తుందో ముందు తేల్చాలి. 22, 24, 26 నంబరు సూదులు తెప్పించాం. కొత్త ఫ్లాస్కులకు నిన్న సాయంత్రం కణాలు కలిపాం.